గీకని కార్డు

“నేనిచ్చిన గిఫ్టు కార్డు ఉంది చూడమ్మా, రేపు ప్రేయర్ అయినాక నా రూముకు తీసుకురా,” అన్నాడు కరస్పాండెంట్ బాలకృష్ణయ్య.

సాజియా చేతిలో చాక్‌పీసు రెండు ముక్కలైంది. “ఎందుకు సార్?”

“తీసుకురా అంటే తీసుకురా. వాడేయలేదు గదా?”

“లే... లేదు సార్.”

“మంచిది.” తన పొట్ట వెనకాలే తానూ నడుచుకుంటూ ఆయన వరండా దాటి వెళ్ళిపోయాడు.

సాజియా అబద్ధమేమీ చెప్పలేదు. నిజంగానే వాడలేదు. అమ్మేసింది.

జమ్మలమడుగులోని ఆ ప్రైవేటు స్కూల్లో ఆమె లెక్కల టీచరు. టీచర్స్ డే రోజు స్టేజీ మీదికి పిలిచి, ఫొటోగ్రాఫరు మూడువైపుల నుంచీ తీసేదాకా వదలకుండా పట్టుకుని, ఆయన ఇచ్చిన కార్డు అది. ఐదు వేల రూపాయల బట్టలు కొనుక్కోవచ్చు. కాకపోతే ఆ షోరూము ఉన్నది బెంగళూరులో. ప్రొద్దుటూరులో అడుగుకో బట్టల కొట్టుంది గానీ ఒక్కరూ ఆ కార్డు ముట్టుకోలేదు. చివరికి అక్కర్లేని కార్డులు అమ్మిపెట్టే యాప్ ఒకటి ఫోన్లో వేసుకుని అమ్మకానికి పెట్టింది. పులివెందుల నుంచి ముదస్సిర్ అనే అతను, నంబరు గీకకుండా ఉండాలి, కార్డు చేతికియ్యాలి అని షరతులు పెట్టి, ముద్దనూరు దాకా వచ్చి మూడు వేల ఎనిమిది వందలకు పట్టుకుపోయాడు. ఆ డబ్బుతో కొన్న ఫ్యాను ఇప్పుడు ఇంట్లో తిరుగుతోంది.

“పోయిందని చెప్పు,” అన్నాడు భర్త అమీర్ బాషా, సాయంత్రం ఆ ఫ్యాను కిందే కూర్చుని.

“ఉందని చెప్పొచ్చినా గదా!”

“అయితే వాడేసినా అను.”

“వాడలేదని గూడా చెప్పినా.”

“అన్నీ నువ్వే చెప్పేసొచ్చి నన్ను అడుగుతావేంది?”

“డ్రాయింగ్ సారుకు ఏమయిందో తెలీదా? స్కూల్లో కప్పిన శాలువా తీసకపోయి బామ్మర్దికి కప్పినాడని, కరస్పాండెంటు ప్రేయర్లో పిల్లోళ్ళ ముందర నిలబెట్టి కడిగేసినాడు. ఇచ్చినోని విలువ తెలీనోడు పిల్లోళ్ళకు ఏం నేర్పిస్తాడు అని. ఆయప్ప మళ్ళా బడి మొగం చూళ్ళేదు. నా సంగతి గూడా ఎవరో చెవిలో ఊదినారు. రేపు నా వంతు.”

అమీర్ బాషా బైకు తాళాలు తీసుకున్నాడు.

పులివెందులలో ముదస్సిర్‌ది సెల్‌ఫోన్ రిపేరు కొట్టు. సాజియాను చూడగానే నవ్వుతూ స్టూలు లాగాడు. వచ్చిన సంగతి విన్నాక మాత్రం కూర్చోమనలేదు.

“నీ మూడు వేల ఎన్మిది నూర్లు నువ్వు తీసుకో భయ్యా, కార్డు ఇచ్చెయ్.”

“అట్లెట్లక్కా? ఆదివారం మా చెల్లెల్ని బెంగళూరు పిల్చకపోతాండా, పెండ్లి బట్టలకు. ఆరు వేలిస్తే ఇస్తా.”

“దాంట్లో ఉండేదే ఐదు వేలు గదప్పా!” అమీర్ బాషా గొంతు రోడ్డు మీదికి వినబడింది.

“కార్డుకు ఐదు వేలే మామా. ఆ పై వెయ్యి అక్క భయానికి.”

“భయానికి గూడా రేటేందిరా?”

“ఊరికే అడిగేటోళ్ళయితే ఫోన్ చేసి అడుగుతారు. ఇంత దూరం బండి తోలుకోని వచ్చినారంటే నాకు తెలీదా?”

సాజియా లెక్కలు చెప్పే మనిషి. హెచ్చించీ భాగించీ, నడుమ నడుమ బతిమాలీ, అరగంటకు రెండు వందలు తగ్గించగలిగింది. ఐదు వేల ఎనిమిది వందలు. సరిగ్గా రెండు వేలు నష్టం. ఫోన్లో డబ్బు పంపి కార్డు తీసుకుంది. తిరుగుదారిలో ముద్దనూరు వచ్చేలోపలే నాలుగుసార్లు బ్యాగు తెరిచి కార్డు ఉందో లేదో చూసుకుంది.

మర్నాడు ప్రేయర్‌లో ఆమె పేరు పిలవలేదు. దాంతో ఇంకా భయమేసింది. రూములోకి వెళ్ళగానే బాలకృష్ణయ్య అటెండర్‌ను బయటికి పంపి, తనే లేచి తలుపు వేశాడు.

“తెచ్చినావా తల్లీ?” గొంతు ఆయనది కాదేమో అన్నంత మెత్తగా ఉంది.

“తెచ్చినా సార్.”

“గీకలేదు గదా?”

“లేదు సార్.” తీసి చూపించింది.

ఆయన కుర్చీలో కూలబడి కండువాతో మొహం తుడుచుకున్నాడు. “బతికించినావు. నీ దగ్గర దాచేదేముందిలే, అది మా ఇంటామె నా అరవయ్యో పుట్టినరోజుకు ఇచ్చింది. యాడో బెంగళూరు అంగడి, మనకెందుకులే అని స్టేజీ మీద నీకిచ్చేసినా. ఇప్పుడేమో ఎల్లుండి బెంగళూరు పోదాం పా, ఆ కార్డు పెట్టి నీకు కోటు కొనిస్తా అంటాంది. ఆమె ఇచ్చింది ఇంకొకరికి ఇచ్చినానని తెలిసిందంటే నన్ను గడప తొక్కనీదు. శానా మొండిది.”

సాజియా ఆయన్నే చూస్తూ నిలబడింది. కార్డున్న చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది.

“ఇట్లియ్యమ్మా,” ఆయన చెయ్యి చాచాడు. “దీనికి బదులు నీకు ఇంత పెద్ద మెడల్ చేయిస్తా. స్టేజీ మీద మళ్ళా సన్మానం గూడా చేస్తా.”

సాజియా ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. కార్డు బ్యాగులో పడేసి జిప్పు లాగింది.

“ఎనిమిది వేలు సార్. మీకొద్దంటే మేడంగారిని అడిగి చూస్తా.”