మాజీ ఎంపీగారి రెంచి

రెంచి పట్టుకుని సింకు కిందికి దూరబోతున్న మాజీ ఎంపీని ఇంటాయన నడుం పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఎంతమాట! మీరు సింకు కింద పడుకుంటే మేం టీవీ చూస్తూ కూర్చోవాలా? రండి, సోఫాలో కూర్చోండి సార్."

"నన్ను సార్ అంటారేంటండీ! నేను మీ పాత ప్లంబర్నే కదా."

"పాతవన్నీ ఇప్పుడెందుకులెండి. కాఫీయా, టీయా?"

మాజీ ఎంపీ ఉసూరుమంటూ కూలబడ్డాడు. ఎన్నికల్లో ఓడి పాత పనిలోకి దిగినప్పట్నుంచీ ఇదే వరస. ఏ గుమ్మం ఎక్కినా కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, పక్కన నిలబడి ఫొటో దిగుతారు. పైపు మాత్రం ముట్టుకోనివ్వరు. ఇలాగే సాగితే ఇక కడుపులో కాఫీ తప్ప మరేదీ పడేలా లేదు.

వంటింట్లో కుళాయి టపటపా కారుతోంది. ఆ చప్పుడుకి ఆయన చేతులు దురదపెడుతున్నాయి.

"మా బావమరిది ట్రాన్స్‌ఫర్ సంగతి..." ఇంటాయన గొంతు తగ్గించాడు.

"వాషర్ పోయినట్టుందండీ."

"మీరొక్క ఫోన్ కొడితే..."

"ఒక్క ఐదు నిమిషాలు టైమివ్వండి సార్, ప్లీజ్!"

పార్లమెంటులో స్పీకర్ని కూడా ఆయన ఇంతగా బతిమాలలేదు.

అంతలో కుళాయి కింద నిండిన బకెట్ మోసుకుంటూ ఇంటావిడ వచ్చింది.

"ఏమయ్యా, పనికొచ్చావా, కబుర్లకొచ్చావా? లే!"

"ఏమే! ఆయన ఎంపీగారే!" భర్త గుడ్లురిమాడు.

"మాజీయేగా. కుళాయి ఇంకా మాజీ కాలేదు, కారుతూనే ఉంది."

మాజీ ఎంపీ ఒక్క గెంతులో సింకు కిందికి చేరాడు. పాత వాషర్ పీకి, కొత్తది వేసి, బిగించి బయటికొచ్చేసరికి మొహాన మురికి, దానిమీద చెవుల దాకా నవ్వు. అయినా ఒక్క ముల్లు మాత్రం లోపల గుచ్చుతూనే ఉంది.

"అడక్కూడదు గానీ అమ్మా... మీ వీధికి రోడ్డేయించాను, లైట్లు పెట్టించాను. పిలిస్తే పలికాను. మరి మీ బూత్‌లో నాకు ఓట్లెందుకు పడలేదు? ఏం తప్పు చేశాను?"

ఆవిడ కుళాయి తిప్పింది, కట్టింది. చుక్క కారలేదు.

"పిచ్చి నాయనా, తప్పేముంది? నువ్వు ఎంపీవై వెళ్ళాక వచ్చిన ప్లంబర్లు ఒకచోట కారేదాన్ని రెండు చోట్ల కారేలా చేసి పోయారు. నిన్ను మళ్ళీ గెలిపిస్తే ఇంకో ఐదేళ్ళు ఈ బకెట్లు ఎవరు మోస్తారు? అందుకే ఆడవాళ్ళమంతా కూడబలుక్కుని నిన్ను ఓడించాం. ఎంపీ అయితే ఎవడో ఒకడు దొరుకుతాడు. మంచి ప్లంబర్ దొరకొద్దూ!"