పసుపు తిరిగిన నీళ్లు

లక్ష్మీకాంత్ సారుకు కెమిస్ట్రీ మీద ఎంత ప్రేమో ఎండ మీద అంత కోపం.

ఆయన జనగామలో డిగ్రీ కాలేజీ లెక్చరర్. చుట్టుపక్కల బోరింగు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో తేల్చే పని ఆ ఏడాది ఆయన నెత్తిన పడింది. లింగాల ఘనపూర్ దాటాక, మట్టిరోడ్డు చివర ఓ తండా ఉంది. అక్కడిదాకా సారు ఏనాడూ పోలేదు. మలుపు దగ్గర సారయ్య హోటల్లో చాయ్ తాగేవారు. ఆ హోటల్ నల్లా కిందే సీసా నింపి, దాని మీద తండా పేరు అంటించేవారు. ఏ నీళ్లయినా భూమిలోంచి వచ్చేవే కదా అని తనకు తానే సర్దిచెప్పుకునేవారు.

రెండుసార్లు అలాగే జరిగింది. ల్యాబులో గులాబి రంగు మందు కలిపారు. ఫ్లోరైడ్ ఉంటే అది పసుపుకు తిరగాలి. తిరగలేదు. నీళ్లు భేషుగ్గా ఉన్నాయని రిపోర్టు పోయింది.

ఆ తండా పిల్ల ద్వాళి ఆయన దగ్గరే బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఇంటి నుంచి నీళ్లు తెచ్చి, తనే మందు కలిపి, పసుపు రంగు ఆయన కళ్ల ముందు పెట్టింది.

"మా నాయినమ్మ మోకాళ్లు వంకర పోయినయి సార్. మూడోసారి గూడ బాగున్నయని రాస్తే మాకు ఇంక వేరే నీళ్లు ఇయ్యరంట."

"నువ్వు గాజుసామాను సరిగ్గ కడగలే," అన్నారు సారు. విద్యార్థులు తెచ్చిన నీళ్లు చెల్లవని, ఈసారీ తనే స్వయంగా పోయి తెస్తానని చెప్పారు.

ద్వాళి ఏ రోజు వస్తారని మాత్రం అడిగింది. మంగళవారమన్నారు.

మంగళవారం మలుపు దగ్గర రాస్తారోకో. తెలంగాణ ఉద్యమం ఉడుకుతున్న రోజులు. నడిరోడ్డు మీద పొయ్యి వెలిగినా ఎందుకని అడిగే మనిషి లేడు. తండా ఆడవాళ్లు వంటావార్పు పెట్టారు. ద్వాళి జెండా పట్టుకుని నినాదాలిస్తోంది. పాలవ్యాను వస్తే అందరూ పక్కకు జరిగి దారిచ్చారు. సారు మోటారు సైకిలుకు మాత్రం సందు దొరకలేదు.

ఆయనకు లోలోపల పండగే. తండాకు పోకుండా ఉండడానికి ఇంతకన్నా మంచి సాకు ఏముంటుంది? తీరా చూస్తే హోటల్ బందు. నల్లాకు గుడ్డ చుట్టి గట్టిగా కట్టేశారు. సారయ్య కూడా బంతిలో కూర్చుని పప్పన్నం తింటున్నాడు.

ద్వాళి నాయనమ్మ గంగాబాయి కర్ర పొడుచుకుంటూ వచ్చి సారు ముందు విస్తరి వేసింది.

"తిను బిడ్డా. ఉద్యమం బువ్వ, వద్దనొద్దు."

కడుపునిండా తిన్నారు. లేచి చూస్తే పక్కనే నీళ్ల డ్రమ్ము. మూత తీసే ఉంది. ముంత పైనే ఉంది. సారు అటూ ఇటూ చూశారు. సరిగ్గా అప్పుడే ఆడవాళ్లంతా అటు తిరిగి జై తెలంగాణ అని అందుకున్నారు. అదృష్టం కలిసొచ్చిందనుకుని ఆయన చప్పున సీసా నింపేసి, తండా పేరు అంటించేశారు.

మర్నాడు మందు పోసీ పోయకముందే గులాబి పోయి పసుపు వచ్చింది. మళ్లీ చేశారు. మళ్లీ పసుపే. ఇవి తండా నీళ్లు కావని చెప్పాలంటే ఎక్కడివో చెప్పాలి. తాగడానికి పనికిరావని రాసి సంతకం పెట్టారు.

నెల తిరక్కముందే తండా బోరింగుకు ఎర్రరంగు పూశారు. మంచినీళ్ల ట్యాంకరు రావడం మొదలైంది. ద్వాళి లడ్డూల డబ్బా తెచ్చి, అంతా సారు చలవేనని దండం పెట్టింది. సారుకు సిగ్గేసింది గానీ లడ్డూలు మాత్రం తీసుకున్నారు.

వాటిని స్టాఫ్ రూములో పంచుతూ తెలుగు లెక్చరర్ సంపత్ దగ్గరికొచ్చారు. ఆ చుట్టుపక్కల ఏ బందయినా, రాస్తారోకో అయినా సంపత్ పిలుపిస్తేనే జరిగేది.

"ఏమన్న అను తమ్మీ, ఆ మంగళారం మలుపుకాడ మీరు పెట్టిన రాస్తారోకో జబర్దస్తుండె. పప్పయితే ఇంకా నోట్లనే ఉన్నది."

సంపత్ లడ్డూ కొరకబోయి ఆగాడు.

"ఆ మంగళారం మేం జిల్లా మొత్తంల యాడా రాస్తారోకోకు పిలుపియ్యలేదన్నా."