వెనక సీటు

సూది టైలరు వేలికి గుచ్చుకుంది. చూపు గుడ్డ మీద లేకపోతే అంతే మరి.

చూపంతా రోడ్డు మీద ఉంది. షాపు ముందు నుంచి అతని భార్య మోటారు సైకిలు నడుపుకుంటూ వెళ్ళింది. ఆమె వెనక సీట్లో ఎవరో పరాయి మగవాడు.

ఇద్దరూ నవ్వుకుంటున్నారు.

బండి టైలరుదే. మోజుపడి కొన్నాడు. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకెలా బండి తిప్పమంటే రెండుసార్లు కాలు కింద పెట్టి తప్పాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బండి బరువెక్కువని దాని మీద పాత దుప్పటి కప్పేశాడు.

ఆ దుప్పటి తీసింది భార్య. ఇంటింటికీ తిరిగి రక్తం శాంపిళ్ళు తెచ్చే ఉద్యోగం ఇస్తామన్నారు ల్యాబ్ వాళ్ళు. నెలాఖరుకల్లా లైసెన్సు చూపించాలి. ఆ ఉద్యోగం కోసం ఆమె నాలుగేళ్ళుగా ఎదురుచూస్తోంది.

నేర్చుకునేవాళ్ళ బండికి ముందూ వెనకా ఎర్ర ఎల్ అక్షరం ఉండాలి. వెనక సీట్లో లైసెన్సున్న మనిషి ఉండాలి. మొగుడు కూర్చుందామంటే ఆయనగారిదీ ఎల్లే!

ఆమె ఒక్కతే నడుపుతుంటే మొదటి వారమే పోలీసులు ఆపారు.

"వెనక మనిషేడమ్మా?"

పక్కనే నిలబడ్డ ఓ ముసలాయన దగ్గుతూ ముందుకొచ్చాడు.

"నేనే సార్. దగ్గొస్తే నీళ్ళు తాగుదామని దిగాను" అని లైసెన్సు చూపించాడు.

ఆ రోజు నుంచి పొద్దున ఏడింటికల్లా వీధి మూల మీద ఉంటాడు. గంటసేపు వెనక కూర్చుంటాడు. దిగి తన దారిన తను పోతాడు.

"ఎంత తీసుకుంటున్నాడు?" భోజనం దగ్గర అడిగాడు టైలరు.

"ఒక్క పైసా లేదు."

"ఊరికే ఎవరు కూర్చుంటారే?"

"అదే అడిగాను. ఖాళీగా ఉన్నానులే తల్లీ అన్నాడు."

"పేరేంటి? ఇల్లెక్కడ?"

"నేనడగలేదు, ఆయన చెప్పలేదు. మా నాన్న ఈడు మనిషండీ!"

"అయితే? ఆ ఈడులో కళ్ళుండవా?"

ఆమె పకపకా నవ్వింది. "మీకు కుళ్ళండీ!"

కుళ్ళే. కాదనడానికి లేదు. ముసలాయన వెనక కూర్చున్నందుకా, తను రెండుసార్లు తప్పిన ఎనిమిది అంకెను ఆవిడ కాలు దించకుండా చుట్టేస్తున్నందుకా అన్నదే అతనికి తేలలేదు. ఇంతకుముందు తనతో మాట్లాడుతూ ఆమె అలా నవ్వి ఎన్నాళ్ళయిందో కూడా గుర్తులేదు.

పక్కషాపు ఇస్త్రీ ఆయన పుండు మీద కారం చల్లాడు.

"చెల్లెమ్మ బండి తిప్పుతుంటే చూశావా బావా? రెండు కళ్ళూ చాలవనుకో. ఆ పెద్దాయన భలే నేర్పాడు."

టైలరు ఆ పూట రెండు చొక్కాలకి గుండీలు లోపలివైపు కుట్టాడు.

మర్నాడు భార్య కన్నా ముందే వీధి మూలకి చేరాడు.

"ఇక మీరు రానక్కర్లేదండీ. మా ఆవిడకి లైసెన్సొచ్చేసింది."

"వచ్చేసిందా! ఎప్పుడు?"

"నిన్ననే. అనుకోకుండా పిలిచారు."

ముసలాయన మొహం వెలిగిపోయింది. టైలరు రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు.

"గట్టిపిల్లయ్యా! ఎంత మంచి కబురు చెప్పావు! బేకరీలో ఒకతను నేర్చుకుంటున్నాడు, ఇక అటు వెళ్తాను. నా ఆశీస్సులు చెప్పు."

దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు. టైలరు మనసు ఒక్క క్షణం చివుక్కుమంది. ఆ క్షణం దాటాక పీడ విరగడైందనుకున్నాడు.

ఆమె పావుగంట ఎదురుచూసి షాపుకొచ్చింది.

"ఆయన రాలేదండీ. ఒంట్లో బాగాలేదేమో. ఇంకో నాలుగు రోజుల్లో పరీక్ష. ఒక్కదాన్నే వెళ్ళనా?"

వద్దనాలి. కానీ అతని కడుపులో మంట ఇంకా ఆరలేదు.

"అంత బాగా వచ్చేసిందిగా? వెళ్ళు. ఆయన లేకపోతే ఎంత వచ్చో తెలుస్తుంది."

ఆమె అతని వంక ఒకసారి చూసి, బండి ఎక్కింది.

మార్కెట్ రోడ్డులో ఆగివున్న కారులోంచి ఎవరో వెనక్కి చూడకుండా తలుపు తెరిచారు. ఆమె కాలు రెండుచోట్ల విరిగింది. పోలీసాయన కాగితంలో రాయవలసిందంతా రాసి, చివర్న ఒక లైను చేర్చాడు. వెనక సీటు ఖాళీ.

ల్యాబ్ వాళ్ళు ఉద్యోగం ఇంకొకరికిచ్చేశారు. మంచం మీద ఆ కబురు విన్నాక ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది.

ఆపరేషన్ ఖర్చు కోసం టైలరు ఇన్సూరెన్స్ ఆఫీసుకి వెళ్ళాడు. కౌంటరులో అమ్మాయి కాగితం చదివి వెనక్కిచ్చేసింది.

"రాదండీ."

"కారు తలుపు తీసినవాడిది తప్పయితే మాకెందుకు రాదమ్మా?"

"ఎవరి తప్పయినా రూలు రూలే. లైసెన్సున్న మనిషి ఒక్కరు వెనక ఉంటే వచ్చేది."

"ఉండేవాడమ్మా. ఒక పెద్దాయన. రోజూ ఊరికే వచ్చి కూర్చునేవాడు..."

అమ్మాయి తలెత్తింది.

"మాటకి ముందు దగ్గుతారు, ఆయనేనా?"

"మీకెలా తెలుసు?"

"పోయిన వారం వచ్చి మా అందరికీ స్వీట్లు పంచారు. తను నేర్పినావిడకి లైసెన్సొచ్చిందట. పనిమాలా వచ్చి చెప్పాడని ఆవిడ భర్తని ఒకటే మెచ్చుకోవడం."

టైలరు కౌంటరు అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవరమ్మా ఆయన?"

"రిటైరయ్యేదాకా ఈ కుర్చీలో కూర్చుని, వెనక మనిషి లేని కాగితాలన్నిటి మీదా ముప్పై ఏళ్ళు 'చెల్లదు' అని రాసింది ఆయనేనండీ."