రైటు కొట్టిన జవాబు

“కథలో రాయనిదాన్ని కూడా ఆధారాలు పట్టుకుని చదవాలి. మనకు నచ్చిందే జవాబు అనుకోకూడదు” అని నాచారం బడిలో సత్యవేణి టీచర్ ఏడో తరగతికి వారం నుంచి చెబుతోంది. ఇంట్లో ఎవరినీ అడగకుండా మూడు ఆధారాలు గమనించి, వాటినిబట్టి ఏం తెలిసిందో రాసుకురమ్మంది.

ఫలితాలొచ్చిన రోజు అన్న పేపరు దాచిపెట్టాడు కాబట్టి ఇంటర్ తప్పాడని ఒకడు రాశాడు. సత్యవేణి నవ్వుకుంటూ రైటు కొట్టింది. తర్వాతది భాగ్యశ్రీ నోట్‌బుక్.

“ఒకటి: అమ్మ జుట్టంతా రాలిపోయింది, తన దువ్వెన నాకే ఇచ్చేసింది. రెండు: తమ్ముడికి ఇష్టమైన కూరలన్నీ నాకు నేర్పుతోంది. మూడు: ఈ నెల నుంచి దవాఖానాకు వెళ్లడం మానేసింది. తెలిసింది: అమ్మకు నయమైపోయింది.”

ఆ మూడు ఆధారాలూ చెబుతున్నది అది కాదని సత్యవేణికి తెలుసు. తప్పు పెట్టడానికి చెయ్యి రాలేదు. రైటు కొట్టి, పక్కన ‘చాలా బాగుంది’ అని రాసింది.

ఇంటి గంట కొట్టాక అందరూ వెళ్లిపోయినా, భాగ్యశ్రీ నోట్‌బుక్ తెరిచి పట్టుకుని టేబుల్ దగ్గరే నిలబడింది.

“టీచర్, ఇది తప్పు గదా? రైటెందుకు కొట్టిన్రు?”

సత్యవేణి కుర్చీని ఆమె వైపు జరుపుకుంది.

“మరి నువ్వెందుకు అలా రాశావమ్మా?”

“హోంవర్క్ కింద అమ్మ సంతకం పెట్టాలె గదా టీచర్. మొత్తం సదివినంకనే పెడ్తది.”

పేజీ అడుగున వంకరపోయిన ఆ సంతకాన్ని భాగ్యశ్రీ వేలితో తడిమింది.

“నిన్న సదివి నవ్వింది టీచర్. శాన దినాలకు నవ్వింది.”