బోర్డు మీద సున్నా

చీకటి పడుతుండగా పార్కు మూసే హడావుడిలో గుంపు నన్ను గేటు బయటికి తోసేసింది. చేయి జారిన నా నాలుగేళ్ల చందన లోపలే ఉండిపోయింది.

గేటు సెన్సర్ల లెక్కలో లోపల సున్నా అయితే చాలు, దీపాలు ఆరిపోతాయి, తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. అప్పుడూ అదే జరుగుతోంది.

"లోపల ఎవ్వల్లేరక్కా. బోర్డు సూడు, సున్నా," అన్నాడు కాపలాదారు యాదగిరి.

"పొద్దుగాల నా బిడ్డను కొంగు కింద దాసుకొని పోయినన్నా. లెక్కవెడితే దిష్టి తగుల్తదని. మిషిన్ మా ఇద్దర్ని ఒక్కరే అనుకున్నది."

"గిదేం పనక్కా! సున్నా వడ్డంక తలుపు నా మాట గూడ ఇనది. ఆగు, ఆఫీసుకు ఫోన్ జేస్త."

లోపల కొలనుంది. కరెంటు తీగలున్నాయి. పాములూ ఉండే ఉంటాయి. ఆగలేక, మూసుకుంటున్న తలుపు సందులోంచి లోపలికి దూరాను.

బోర్డు మీద ఒకటి పడింది. పార్కంతా దీపాలు భగ్గున వెలిగాయి.

"బయటికి రా అక్కా! నువ్వుంటే దీపాలు ఆరవు!"

"అందుకే వచ్చిన!" అని అరిచి పరుగెత్తాను.

రంగులరాట్నం గుర్రం మెడ పట్టుకుని చందన వెక్కుతోంది.

"దీపాలు ఎవరు ఆర్పిన్రమ్మా?"

"ఎవరన్న గానీ. నేనున్నంత సేపు ఇంక ఆర్పలేరు బిడ్డా."