గాలి వీచని తుఫాను

“మీ ఊళ్లో గాలి వీచలేదు,” అన్నాడు బీమా అధికారి ముజీబ్, చేతిలోని ట్యాబ్‌ను సాక్షిగా చూపిస్తూ.

ఆయన నిలబడి ఆ మాట సెలవిచ్చిన చోటు మొన్నమొన్నటి వరకూ నాంచారయ్య ఇంటి నడిమి గది. పైకప్పు ఎటు పోయిందో తెలియదు. పడవ జాడ మాత్రం తెలుసు. అది సరుగుడు తోటలో రెండు చెట్ల నడుమ, వెన్ను విరిగి వేలాడుతోంది.

“మరి నా పడవ చెట్టెక్కి కూచుందేంటండీ?” అన్నాడు నాంచారయ్య. “ఊసుపోక ఎక్కిందంటారా?”

“నేనేమీ అనట్లేదు నాంచారయ్య గారూ. యంత్రం అంటోంది. రాత్రంతా సున్నా చూపించింది.”

“పాలెంలో ఒక్క పడవా మిగల్లేదండీ. మీ కళ్లతో మీరే చూస్తున్నారు గదా.”

“చూస్తున్నాను. కానీ పథకంలో కళ్లు లేవు.”

నిజమే. దివిసీమ కొసన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఆ పాలేనికి ‘సుస్థిర తీరం’ అనే మహత్తర పథకం అవతరించింది. ప్రభుత్వం స్థలమిచ్చింది. బీమా సంస్థ మాట ఇచ్చింది. సాంకేతిక సంస్థ గాలి వేగాన్ని కొలిచే యంత్రమిచ్చి, స్తంభం మీద వేదమంత్రాలతో ప్రతిష్ఠించింది. ఊరు చప్పట్లిచ్చింది. గాలి హద్దు దాటిందని యంత్రం పలికిన మరుక్షణం పడవ పోయిన ప్రతివారికీ పరిహారం. దరఖాస్తులుండవు, లంచాలుండవు, మనుషుల సాక్ష్యంతో పనే ఉండదు. ఈ ఆఖరి సుగుణమే ఇప్పుడు పాలెం మెడకు చుట్టుకుంది. పరిహారం రాకుంటే పడవ లేదు. పడవ లేకుంటే నాంచారయ్యకు మిగిలేది ఎవరిదో రొయ్యల చెరువు గట్టు మీద కాపలా.

“అసలు ఆ యంత్రాన్ని చూశారా ఎవరైనా?” అంది తహసీల్దారు భానుమతి, సాంకేతిక సంస్థ తరఫున వచ్చిన ఇంజనీరు గణపతి వైపు తిరిగి.

ఎవరూ చూడలేదు. ప్రభుత్వమూ, బీమా, సాంకేతికతా ఒకరి భుజం ఒకరు పట్టుకుని బురదలో నడిచాయి. వెనకే నాంచారయ్య. తుఫాను వెలిసినప్పటి నుంచీ నేల మీద వెతుక్కోవడమే తప్ప అతను తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు చూశాడు. స్తంభం నిటారుగా ఉంది. దాని శిరస్సు లేదు.

తన సంస్థ సొత్తు పోయినందుకు ఇంజనీరు గణపతి ముఖం వెలిగిపోయింది. “మొదటి విసురుకే ఎగిరిపోయింది మేడమ్! యంత్రం నుంచి కబురు రాకపోతే మా సర్వరు సున్నా అనే వేసుకుంటుంది.”

ముజీబ్ నిబంధనల్లో చాలాసేపు వెతికాడు. “ఉందండీ. తుఫాను గాలికి యంత్రమే పోతే, గాలి హద్దు దాటినట్టే లెక్క. అందరికీ పూర్తి పరిహారం.” చదువుతుంటే ఆయన గొంతు కూడా తేలికపడింది.

“పనిగట్టుకుని ఎవరూ దింపలేదు గదా?” గణపతి లాంఛనంగా అడిగాడు.

“భలేవారండీ. మగాళ్లమంతా పడవలు కట్టుకోలేక చచ్చాం. దాని జోలికెవడెళ్తాడు?” అన్నాడు నాంచారయ్య.

భానుమతి పంచనామా చెప్పింది, గణపతి రాశాడు. ‘ప్రచండ వాయుఘాతమున యంత్రము అదృశ్యమైనది’ అన్న వాక్యం తెగ నచ్చి రెండుసార్లు చదువుకున్నాడు. ఇద్దరూ సంతకాలు చేశారు. ముజీబ్ కలం తీశాడు. నాంచారయ్య కండువాతో కళ్లు ఒత్తుకుని, “ముంచలేదండీ మమ్మల్ని,” అన్నాడు.

అప్పుడే కోడూరు పునరావాస శిబిరం నుంచి పాలెం ఆడవాళ్లతో ట్రాక్టరు వచ్చి ఆగింది. అందరికంటే ముందు నాంచారయ్య భార్య బుల్లెమ్మ దిగింది. కూలిన ఇంటి వైపు ఒక్కసారి చూసి, కళ్లు తిప్పుకుని, తిన్నగా స్తంభం దగ్గరికే వచ్చింది. ఆమె గుండెలకు హత్తుకున్నది పట్టుచీర మూట. దాన్ని గణపతి ముందు జాగ్రత్తగా విప్పింది. లోపల యంత్రం, గీత కూడా పడకుండా, తళతళలాడుతోంది.

“చంటిబిడ్డలా చూసుకోమని నాకు అప్పజెప్పారు గదండీ,” అంది బుల్లెమ్మ. “తుఫానొస్తోందనగానే నేనే నిచ్చెనేసుకుని దింపేశాను. దీనికి ఇంత గాలి కూడా తగలనివ్వలేదండీ.”