మడత కెమెరా

నల్లబల్ల తుడిచే డస్టరూ, ఆ మడత కెమెరా ఒకే సైజులో ఉన్నాయని కనిపెట్టిన రోజునే లెక్కల మాస్టారు దాన్ని కొట్టెయ్యాలని నిశ్చయించుకున్నారు.

అంతకుముందు చాలా రోజులు ఆయన నిజాయితీగానే బేరం చేశారు. బడి వదలగానే పాత కెమెరాల దుకాణానికి వెళ్లడం, వెడల్పు ఫిల్ము వేసే రేంజ్‌ఫైండర్ రకం కెమెరా కావాలనడం, అది కోటు జేబులో పట్టాలనడం. ఒకటి బరువన్నారు, ఇంకోటి మసకన్నారు. మీట నొక్కితే లెన్సు ముందుకొచ్చి, మూస్తే చేతిలో ఇమిడిపోయే మడత కెమెరా మీద మాత్రం మనసు పారేసుకున్నారు. ధర విన్నాక రెండు రోజులు అన్నం సయించలేదు.

దుకాణం నడిపే పెద్దావిడను అందరూ పిన్నిగారు అంటారు. ఎవరొచ్చినా ఆవిడ ఒకే పాఠం చెబుతారు. ఈ రకం కెమెరాలో మన కన్ను చూసేది ఒక కిటికీలోంచి, బొమ్మ పడేది ఇంకో కిటికీలోంచి. లెన్సుకి మూత ఉన్నా మనకి లోకమంతా కనిపిస్తూనే ఉంటుంది, జాగ్రత్త అంటారు. మాస్టారికి ఆ పాఠం కంఠతా వచ్చేసింది.

పై అరలో మాత్రం వరసగా ఇదే రకంవి పెద్ద పెద్ద కెమెరాలుండేవి. పిన్నిగారి భర్త బతికున్నప్పుడు ఎక్కడో వేలంలో కొన్న సరుకు. ఆవిడ వాటిని ముద్దుగా ఇటుకలంటారు. మాస్టారు ఒకసారి ఎత్తి చూసి, రెండు రోజులు భుజానికి కాపడం పెట్టించుకున్నారు.

"వీటినెవరు కొంటారు పిన్నిగారూ?" అని అడిగారు.

"ఏమో బాబూ. చిన్నది చూసుకుందామని వచ్చిన పెద్దమనుషులే ఎందుకో చివరికి ఇది పట్టుకుపోతారు."

ఆ రోజు ఫ్రిజ్ కొనుక్కురమ్మని భార్య ఇచ్చిన డబ్బు మాస్టారి జేబులో ఉంది, సంచిలో డస్టర్ ఉంది. ఫ్రిజ్ కొట్టుకి వెళ్లే దారిలోనే కదా కెమెరాల దుకాణం. పిన్నిగారు మడత కెమెరాను తోలు పెట్టెలోంచి తీసి ఆయన ముందు పెట్టి, తుడిచే గుడ్డ తెస్తానని లోపలికి వెళ్లారు. మాస్టారు కెమెరాను సంచిలోకి జార్చి, దాని తోలు పెట్టెలో డస్టర్ పెట్టి గుండీ వేసేశారు.

చిటుక్‌మని చిన్న చప్పుడైంది.

తలెత్తేసరికి తలుపు దగ్గర పిన్నిగారు. కంటి దగ్గర్నుంచి ఒక ఇటుకను దించుకుని గుండెలకి హత్తుకున్నారు.

"దీని షట్టర్ ఆడుతోందో లేదోనని నొక్కాను మాస్టారూ. మీరూ, మీ సంచీ భలే కుదిరారు. కడిగించి ఫొటో బడికే పంపిస్తాలెండి. హెడ్మాస్టరు గారు మీ మామగారే కదా, ఆయనా చూసి సంతోషిస్తారు."

మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. సుద్దముక్క ఇంటికి తీసుకెళ్తేనే సంజాయిషీ అడిగే మనిషి ఆ మామగారు. ఆ ఫొటో ఆయన కంట పడితే ఉద్యోగం పోతుంది, ఆ తర్వాత ఇంట్లో జరిగేది ఊహించుకోవడానికే భయమేసింది. మాస్టారు తనకి మొదటినుంచీ ఆ ఇటుక మీదే మనసుందని, ఫిల్ముతో సహా ఇప్పుడే ఇప్పించమని బతిమాలారు. ఫ్రిజ్ డబ్బంతా బల్ల మీద పోశారు.

కట్టడానికి తాడు తెస్తానని పిన్నిగారు మళ్లీ లోపలికి వెళ్లారు. ఆ తాడు దొరకడానికి బాగానే సమయం పట్టింది. ఈలోగా మాస్టారు మడత కెమెరాను తోలు పెట్టెలో పెట్టేసి, డస్టర్ తీసేసుకున్నారు. పిన్నిగారు వచ్చి, తోలు పెట్టెను ఒకసారి చేత్తో ఎత్తి చూసుకుని అరలో సర్దారు.

ఇంటి గుమ్మంలో భార్య ఎదురొచ్చింది. ఫ్రిజ్ ఏదని అడిగి, ఆయన చేతుల్లో ఉన్నది కాసేపు తేరిపార చూసింది.

"ఇందులో నీళ్ల సీసాలు ఎన్ని పడతాయండీ?"

మాస్టారు ఇటుకతో సహా స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకున్నారు. ఫిల్మును వెలుతుర్లోకి లాగి పాడు చేద్దామని తాడు విప్పితే, లెన్సుకి మూత బిగించే ఉంది. ఫిల్ము నిండా చీకటి తప్ప ఏమీ పడలేదు. ఊరందరికీ పాఠం చెప్పే మనిషి తనే మూత తియ్యడం మరిచిపోయిందేమిటా అని ఆయన బోర్లించిన బకెట్ మీద కూర్చుని, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కొంచెం కొంచెం చేశారు. వయసు మీద పడింది పాపం అని జాలిపడ్డారు కూడా. మర్నాడు వెళ్లి, మా ఆవిడ ఒప్పుకోవట్లేదని చెప్పి డబ్బు వెనక్కి తెచ్చుకోవాలనుకున్నారు.

మర్నాడు సాయంత్రం ఇటుకను మోసుకుంటూ ఆయన దుకాణం మెట్లెక్కుతుంటే, తలుపు తెరుచుకుని ఊళ్లో పేరున్న ప్లీడరు గారొకరు, చంకలో ఖాళీ సంచి, రెండు చేతుల్లో ఇంకో ఇటుకతో, గండం గడిచిందన్నట్టు నిట్టూరుస్తూ బయటికొస్తున్నారు.